పెప్టైడ్ కలిపితే రెండు బ్యాండ్లూ పోయాయి, ఇక యాంటీబాడీ సరైనదే అనొచ్చా?

సినాప్స్‌సాయి: ర్యాట్ హిప్పోక్యాంపస్ (మెదడులో ఒక భాగం) లైసేట్‌లో, అంటే కణాలు పగలగొట్టి తీసిన ద్రవంలో, పీఎస్‌డీ-95 అనే సినాప్స్ ప్రోటీన్‌ని వెస్టర్న్ బ్లాట్‌తో చూస్తున్నా. కుందేలు పాలీక్లోనల్ యాంటీబాడీ, దాన్ని ఏ సింథటిక్ పెప్టైడ్‌తో తయారు చేశారో అదే విడిగా ఇచ్చారు. 95 కిలోడాల్టన్ల దగ్గర బ్యాండ్ బాగుంది, కానీ 55 దగ్గర ఇంకోటి గట్టిగా వస్తోంది. యాంటీబాడీని ముందుగా పెప్టైడ్‌తో కలిపి ఉంచి వేస్తే రెండూ మాయం. మా గైడ్ "పోయాయిగా, రాసెయ్" అంటున్నారు, నాకేమో ఆ 55తో టెన్షన్. మెదడు సెక్షన్ల (పల్చటి ముక్కల) స్టెయినింగ్‌కి కూడా ఈ కంట్రోల్ సరిపోతుందా?

బ్లాట్‌మామ: సరిపోదు. పెప్టైడ్ యాంటీబాడీ పట్టుకునే చోటునే మూసేస్తుంది, కాబట్టి అది అసలు ప్రోటీన్‌ని పట్టుకున్నా పక్కదాన్ని పట్టుకున్నా రెండూ పోతాయి. తాళంచెవికి మైనం మెత్తితే మనింటి తాళమూ తెరుచుకోదు, పక్కింటిదీ తెరుచుకోదు. 55 బ్యాండ్ సెకండరీ (మొదటి యాంటీబాడీని పట్టుకుని సిగ్నల్ ఇచ్చే రెండో యాంటీబాడీ) వల్ల వచ్చింది కాదని తేలింది, అంతే. అది పీఎస్‌డీ-95 ముక్కే కావచ్చు కూడా, కాల్పెయిన్ అనే ఎంజైమ్ దాన్ని కోస్తుంది, లైసేట్‌లో ప్రోటియేజ్ ఇన్హిబిటర్లు (అలా కోసే ఎంజైమ్‌లని ఆపేవి) వేశారా? 2007లో నికోటినిక్ రిసెప్టర్ యాంటీబాడీలు కొన్నింటిని నాకౌట్ (ఆ ప్రోటీన్ జీన్ తీసేసిన) ఎలుకల మెదడు మీద వేసి చూస్తే, ఆ ప్రోటీన్ లేనిచోట కూడా స్టెయినింగ్ అలాగే వచ్చింది. ఆ సంగతి మీ గైడ్‌కి చెప్పండి.

గ్లియాగాళ్: పీఎస్‌డీ-95 లేని చిట్టెలుకలు బతుకుతాయి, ఎవరి దగ్గరైనా ఉంటే లైసేట్, ఫిక్స్ చేసిన (రసాయనంతో స్థిరపరిచిన) మెదడు అడిగి తెచ్చుకోండి. సెక్షన్లకి నిజమైన జవాబు అదే, ఎందుకంటే ఫిక్సేషన్ తర్వాత ప్రోటీన్ల ఆకారం మారుతుంది, బ్లాట్‌లో మంచిగా ఉన్న యాంటీబాడీ అక్కడ తేడా కొట్టొచ్చు. నాకౌట్ దొరకకపోతే హెచ్ఈకే కణాల్లో (ల్యాబ్‌లో పెంచే మానవ కణాలు) పీఎస్‌డీ-95, పీఎస్‌డీ-93, శాప్97, శాప్102 విడివిడిగా పెట్టి వేయండి, ఇవన్నీ ఒకే కుటుంబం, మీ పెప్టైడ్ వరస వాటితో ఎంత కలుస్తుందో ముందు సరిచూసుకోండి.

సినాప్స్‌సాయి: థాంక్స్. అయితే పెప్టైడ్ పారేయమంటారా? డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగించి పెట్టాను.

బ్లాట్‌మామ: పారేయకండి, పక్కన సంబంధం లేని పెప్టైడ్‌తో ఇంకో ట్యూబ్ కూడా నడపండి, అందులో అంతే డీఎంఎస్‌ఓ, అదే డైల్యూషన్, అంతే సేపు. అక్కడ కూడా బ్యాండ్ తగ్గితే మీ ఫలితం పెప్టైడ్ వల్ల వచ్చింది కాదు. ఇక గ్లూఏ1 అనే రిసెప్టర్ ప్రోటీన్‌లో సెరీన్-845 లాంటి చోట ఫాస్ఫేట్ ఉంటేనే పట్టుకునే ఫాస్ఫో యాంటీబాడీలకైతే పెప్టైడ్లు నిజంగా పనికొస్తాయి: ఫాస్ఫేట్ ఉన్నదానితో సిగ్నల్ పోవాలి, లేనిదానితో నిలవాలి.