ఎజ్రా తాను చేయని పాపాన్ని ‘మా పాపం’ అని ఒప్పుకోవచ్చా?

ప్రశ్న వేసినవారు: అందరికీ వందనాలు. బైబిల్లో ఎజ్రా గ్రంథం 9వ అధ్యాయం చదువుతుంటే ఒక సందేహం వచ్చింది. బబులోను నుంచి యెరూషలేముకు వచ్చిన యూదుల యాజకుడు ఎజ్రాకు, యాజకులతో సహా చాలామంది ధర్మశాస్త్రానికి విరుద్ధంగా అన్యస్త్రీలను పెళ్లి చేసుకున్నారని తెలిసింది. బట్టలు చింపుకుని, తల వెంట్రుకలూ గడ్డమూ పీక్కుని, సాయంత్రపు అర్పణ వేళ దాకా అలాగే కూర్చుండిపోయాడు. తర్వాత మోకరించి ‘మా దోషాలు’ అని ప్రార్థించాడు. ఆయన ఆ తప్పు చేయలేదు కదా? తండ్రి దోషం కొడుకు మోయడని యెహెజ్కేలు ప్రవక్త గ్రంథం 18వ అధ్యాయంలో ఉంది. మరి ఈ ఒప్పుకోలుకు అర్థమేంటి?

విజయవాడ సభ్యుడు: బ్రదర్, యెహెజ్కేలు మాట్లాడేది శిక్ష గురించి. ఎజ్రా పంచుకున్నది సిగ్గుని. ప్రార్థన ‘నేను సిగ్గుపడుతున్నాను’ అని మొదలై, వెంటనే ‘మేము’లోకి వెళ్లిపోతుంది. చివరిదాకా ‘క్షమించు’ అన్న మాటే లేదు. నువ్వు నీతిమంతుడివి, మేం నీ ఎదుట నిలవలేం అని ఆపేస్తాడు. అదే ‘మీరు పాపం చేశారు’ అని వేలు చూపించి ఉంటే, ప్రతివాడూ తనని సమర్థించుకునేవాడు. ఆయన ఏడుస్తూ సాగిలపడ్డాడు కాబట్టే మగవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు చుట్టూ చేరి ఏడ్చారు.

హైదరాబాద్ సభ్యురాలు: ప్రార్థన గొప్పదే బ్రదర్, కాదనను. కానీ 10వ అధ్యాయాన్ని పక్కన పెట్టి మాట్లాడితే ఎలా? ఆ భార్యల్ని, వాళ్లకి పుట్టిన పిల్లల్ని పంపేద్దామని ఆ జనంలో ఒకడైన షెకన్యా అన్నాడు. ఎజ్రా లేచి అందరిచేత ప్రమాణం చేయించాడు. తప్పు చేసిన మగవాళ్ల పేర్లు వందకు పైగా రాశారు, వెళ్లిపోయిన ఆడవాళ్ల పేరు ఒక్కటీ లేదు. ‘మేము’ అన్నప్పుడు వాళ్లు అందులో ఉన్నారా? ఎవరి స్త్రీలను చేసుకున్నారో ఎజ్రాకు చెప్పిన ఫిర్యాదులో మోయాబు జాతి పేరు కూడా ఉంది. రూతు మోయాబీయురాలే, దావీదు రాజుకి ముత్తవ్వ. మీలో ఎవరైనా ఈ దేవుణ్ణి నమ్ముకున్నారా అని ఆ ఆడవాళ్లను అడిగినట్టు ఎక్కడా రాసిలేదు. నాకు మోషే ప్రార్థనే పెద్దది. బంగారు దూడను చేసి మొక్కిన జనాన్ని క్షమించకపోతే నీ గ్రంథంలోంచి నా పేరు తుడిచెయ్యి అన్నాడు. వాళ్ల కోసం తనని తానే ఒడ్డాడు.

విజయవాడ సభ్యుడు: సిస్టర్, దేవుడు దానికి ఒప్పుకోలేదు. పాపం చేసినవాణ్ణే తుడిచేస్తానన్నాడు. అంటే మోషే కూడా జనం శిక్షను మోయలేకపోయాడు, వాళ్ల పక్కన నిలబడగలిగాడు అంతే. ఎజ్రా కాలానికి యూదులు బబులోను చెర నుంచి తిరిగొచ్చి పర్షియా రాజుల కింద బతుకుతున్న చిన్న గుంపు. అదే పాపం చేస్తే మళ్లీ నాశనమవుతామన్న భయం ఆ ప్రార్థనలోనే ఉంది.

హైదరాబాద్ సభ్యురాలు: భయం నిజమే. కానీ ఆ భయంతో చేసిన తీర్పును ప్రార్థన అంత పవిత్రంగా నేను చూడలేను. 9వ అధ్యాయం దగ్గర నేనూ మోకరిస్తాను. 10 దగ్గర మాత్రం ఆ తల్లుల తరఫున అడుగుతూనే ఉంటాను.