హ్యూస్టన్‌లో మా బిడ్డ రూమ్మేట్ నల్లజాతి అమ్మాయి, చుట్టాలు వద్దంటున్నారు

దేవరకొండ అమ్మ:
అందరికీ నమస్తే. నేను అంగన్‌వాడీ టీచర్‌ని. మా బిడ్డ ఆగస్టులో ఎమ్మెస్‌కు హ్యూస్టన్ పోతుంది. ముగ్గురు ఉండే ఫ్లాట్ దొరికింది. ఒకరు గుంటూరు పిల్ల, ఇంకొకరు అక్కడి నల్లజాతి పిల్ల, నర్సింగ్ చదువుతుంది. వీడియో కాల్‌లో వంటింట్లో పై అర చూపించి "ఇది మీ అమ్మాయికి" అంది. బీఫ్ వండే గిన్నె విడిగా పెట్టుకుంటానని తనే చెప్పింది. నాకు ఆ పిల్ల నచ్చింది. కానీ మా ఆడబిడ్డ, మరిది ఫోన్ మీద ఫోన్. "నల్లోళ్ళతో ఉంచుతావా? అడ్వాన్స్ పోతే పోయింది, మార్చెయ్" అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. అక్కడ ఉన్నవాళ్ళు నిజం చెప్పండి.

నకిరేకల్ తమ్ముడు:
అక్కా, నేను డాలస్ పక్కన ఆరేడేళ్ళు పనిచేసి వచ్చాను. రంగు కాదు, వీధి చూడండి. బస్ దిగి ఎంత దూరం నడవాలి, రాత్రి లైట్లు ఉంటాయా, యూనివర్సిటీ షటిల్ ఎన్నింటిదాకా తిరుగుతుంది, ఇవి కనుక్కోండి. హ్యూస్టన్‌లో ఏ జాతివాళ్ళూ సగం లేరు. అందరికంటే ఎక్కువ లాటినోలే, అంటే మెక్సికోలాంటి లాటిన్ అమెరికా దేశాల మూలాలున్నవాళ్ళు. మా అపార్ట్‌మెంట్ మొత్తం తెలుగువాళ్ళే ఉండేవారు. అన్నేళ్ళున్నా పక్క బ్లాక్‌లో ఎవరున్నారో తెలియకుండానే వచ్చేశాను. మీ బిడ్డకు అట్లా కావద్దు.

పాలమూరు సార్:
అమ్మా, నేను మహబూబ్‌నగర్‌లో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెబుతాను. మీ ఆడబిడ్డకు ఇది చదివి వినిపించండి. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో చేరిన భగత్‌సింగ్ థింద్ అనే పంజాబీకి, 1923లో ఆ దేశ సుప్రీంకోర్టు "నువ్వు తెల్లవాడివి కాదు" అని పౌరసత్వం లేదంది. భారతీయులకు పౌరసత్వం ఇచ్చే 1946 చట్టం వచ్చాక కూడా, అక్కడికి వలసపోవడానికి మొత్తం భారతదేశానికి ఏడాదికి సుమారు 100 మందికే కోటా. నల్లజాతివాళ్ళు బస్సుల్లో, హోటళ్ళలో, ఓటు దగ్గర దెబ్బలు తిని, జైళ్ళకు పోయి 1964లో పౌరహక్కుల చట్టం సాధించారు. ఆ ఊపులోనే 1965లో, పుట్టిన దేశాన్ని బట్టి మనుషులను వడపోసే పాత కోటాలు పోయాయి. మనవాళ్ళు అక్కడ పెద్దసంఖ్యలో స్థిరపడింది ఆ తర్వాతే. వాళ్ళు తెరిచిన తలుపులోంచి పోయి, వాళ్ళనే చూసి భయపడమని పిల్లకు నేర్పుదామా?

2020 జనాభా లెక్కల్లో అమెరికా మొత్తంలో నల్లజాతివాళ్ళు నూటికి 12 మంది, లాటినోలు దాదాపు 19, ఆసియావాళ్ళు 6. ఆ ఆరుగురిలో మనం కొందరం, అంతే. మనం కులాన్ని కూడా మోసుకుపోయాం. 2023లో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించాల్సి వచ్చింది. పాలమూరు నుంచి కూలికి పోయినవాళ్ళకు కిరాయికి ఇల్లియ్యకపోతే మన కడుపు మండేది కదమ్మా. ఆ నర్సింగ్ పిల్లకూ తల్లి ఉంటుంది.

దేవరకొండ అమ్మ:
సార్, చదివి వినిపించాను. మరిది ఏమీ అనలేదు, ఆడబిడ్డ ఇంకా ఒప్పుకోలేదు. ఫ్లాట్ మాత్రం మార్చడం లేదు. తమ్ముడూ, లీజు పన్నెండు నెలలని ఉంది. చదువు మధ్యలో వేరే ఊళ్ళో ఇంటర్న్‌షిప్ వస్తే ఆ రెండు మూడు నెలల కిరాయి ఎట్లా?