సముద్రానికి 'ఆవర్తనం' సరిపోతుందా?

ఒక సందేహం అండీ. అంటార్కిటికా చుట్టూ నీళ్లు ఎలా తిరుగుతాయో కంప్యూటర్ మోడళ్లతో ఎలా లెక్కగడతారనే దానిమీద వ్యాసం రాస్తూ 'సర్క్యులేషన్' దగ్గర ఆగిపోయాను. వార్తల్లో వినే ఆవర్తనం వాడేద్దామంటే, 'ఉపరితల ఆవర్తనం' అనగానే మనవాళ్లు గొడుగు వెతుక్కుంటారు.

జవాబు: వద్దండీ. ఆవర్తం అంటే సుడి, వాతావరణ వార్తలో గాలి నిజంగానే సుడి తిరుగుతుంది కాబట్టి అక్కడ నప్పింది. అసలు చిక్కు 'ఉపరితలం'తో. ఇంగ్లిష్‌లో 'అప్పర్ ఎయిర్' అన్నదాన్ని, అంటే నేలకు బాగా ఎత్తున ఉన్న గాలిని, మనం ఉపరితలం చేశాం. సముద్రంలో ఉపరితలం అంటే నీటి పైపొర! మొత్తం కదలికకి రక్తప్రసరణలో ఉన్న 'ప్రసరణ' చాలు. 'సుడులు' అన్న మాటని ఎడ్డీలకి, అంటే నీటిలో తిరిగే సుడులకి, దాచుకోండి, ఎందుకంటే ధ్రువాల దగ్గర మోడళ్లు తడబడేది వాటితోనే. మోడల్ సముద్రాన్ని గడులుగా విడగొట్టి లెక్కేస్తుంది, ఒక డిగ్రీ గడి అంటే ఉత్తర దక్షిణాలుగా 111 కిలోమీటర్లు, అక్కడి సుడులేమో చాలాచోట్ల 10, 20 కిలోమీటర్లవే. వల కన్ను పెద్దదైతే చిన్నచేప జారిపోదూ? అందుకే వాటి ప్రభావాన్ని విడిగా ఒక సూత్రంతో కలుపుతారు, 1990లో జెంట్, మెక్‌విలియమ్స్ అనే శాస్త్రవేత్తలు చెప్పిన పద్ధతి ఇప్పటికీ వాడుతున్నారు.

మరి ఓవర్‌టర్నింగ్, అంటే పైనీరు కిందికి, కిందినీరు పైకి మారే కదలిక? 'తలకిందుల ప్రసరణ' అని రాశాను, శీర్షాసనం వేసినట్టుంది.

జవాబు: 'నిలువు ప్రసరణ' అనండి. సముద్రం గడ్డకట్టేటప్పుడు మంచులో ఉప్పు ఇమడదు, చాలావరకు బయటికి వచ్చేస్తుంది, ఆ నీరు ఉప్పెక్కి బరువెక్కి అంటార్కిటికాని ఆనుకున్న వెడెల్, రాస్ సముద్రాల్లో తీరపు మెరక మీంచి లోతుకు జారుతుంది. దాన్ని 'అడుగునీరు' అనొచ్చు, కుండలో మిగిలినవి అనుకుంటారేమో గానీ పర్లేదు. ముతక గడుల మోడళ్లు చాలావాటిలో ఇది తీరం నుంచి జారకుండా నడిసముద్రంలో మునుగుతుంది. అలా జరగనే జరగదని కాదు, 1974 నుంచి 76 దాకా వెడెల్ సముద్రంలో మంచు మధ్య పెద్ద ఖాళీ ఏర్పడి నిజంగానే అక్కడ నీరు మునిగింది. మోడళ్లలో మాత్రం అది మరీ తరచుగా జరుగుతుంది.

ఆ ఖాళీ పేరు పొలిన్యా కదా, 'మంచుమడుగు' అనేదా?

జవాబు: మంచు కరిగి నిలిచిన నీళ్లనుకుంటారు. రష్యన్ మాటే ఉంచేయండి.

సరేనండీ, ఆవర్తనం తీసేసి 'దక్షిణ మహాసముద్ర ప్రసరణ' అని పెట్టాను. పొలిన్యాకి ఎవరికైనా మంచి మాట తడితే చెప్పండి, శుక్రవారం దాకా దిద్దుకోవచ్చు.