కరెంటు పోయి వచ్చాక టైమ్ ఎవరు చెప్పాలి: ఆర్‌టీసీ చిప్పా, సేవ్ చేసిన ఫైలా?

పలమనేరు_సర్వీస్:

పలమనేరు, బంగారుపాళ్యం వైపు ఊళ్లలో పాల కేంద్రాలకు మేం ఇచ్చే యూనిట్లలో చిన్న లైనక్స్ బోర్డు ఉంటుంది. తూకం, ఫ్యాట్ రీడింగ్ తీసుకుని రైతుకు చీటీ ప్రింట్ చేస్తుంది, సిగ్నల్ ఉన్నప్పుడు సర్వర్‌కు పంపుతుంది. బోర్డు మీద, కరెంటు లేకపోయినా బటన్ సెల్‌తో (చిన్న బ్యాటరీతో) నడిచే గడియారం చిప్, అంటే ఆర్‌టీసీ, లేదు. దాని బదులు ఫేక్-హెచ్‌డబ్ల్యూక్లాక్ అనే చిన్న ప్రోగ్రామ్ వాడుతున్నాం. అది గంటకోసారి, షట్‌డౌన్ అప్పుడొకసారి టైమ్‌ను ఒక ఫైల్లో రాసిపెట్టి, మళ్లీ బూట్ అయినప్పుడు అక్కడి నుంచే మొదలుపెడుతుంది. నెట్ దొరికాక ఎన్‌టీపీ, అంటే నెట్‌లోని టైమ్ సర్వర్లను అడిగి టైమ్ తెచ్చే పద్ధతి, దాన్ని సరిచేస్తుంది.

చిక్కెక్కడంటే, సాయంత్రం పాలు పోయడం అయ్యాక 7:40కి మెయిన్ ఆపేసి వెళ్లిపోతారు. షట్‌డౌన్ చేసే అలవాటు ఎవరికీ లేదు. ఫైల్లో ఆఖరిగా పడింది 7:17. తెల్లారి 5:30కి స్విచ్ వేస్తే బోర్డు లెక్కలో ఇంకా నిన్న రాత్రి 7:17. ఆలోపు సిగ్నల్ రాకపోతే పొద్దుటి పాలన్నీ నిన్న సాయంత్రం పూట కింద పడిపోతాయి. ఒకే రైతుకు ఒకే పూటలో రెండు ఎంట్రీలు కనబడగానే సర్వర్ రెండోదాన్ని డూప్లికేట్ అని తోసేస్తుంది. రైతు చేతిలో చీటీ ఉంటుంది, పదిహేను రోజుల బిల్లులో ఆ పాలు ఉండవు.

ప్రతి యూనిట్‌కూ డీఎస్3231 లాంటి ఆర్‌టీసీ పెట్టాల్సిందేనని నేనంటున్నాను. ఆఫీసులో మాత్రం నెట్ వస్తే అదే సర్దుకుంటుంది, అదనపు ఖర్చెందుకు అంటున్నారు. మీరేమంటారు?

రేణిగుంట_బోర్డులు:

నేను వద్దనే పక్షం అన్నా. ఫేక్-హెచ్‌డబ్ల్యూక్లాక్ తన పని తాను చేస్తోంది. టైమ్ వెనక్కి, లైనక్స్ లెక్క మొదలయ్యే 1970కి పడిపోకుండా ఆపడమే దాని పని. అది లేకపోతే బోర్డు 1970 జనవరి 1 ఉదయం 5:30 దగ్గర లేస్తుంది. అప్పుడు సర్వర్ సర్టిఫికెట్ ఇంకా చెల్లుబాటులోకే రాలేదని టీఎల్ఎస్ కనెక్షన్, అంటే సర్వర్‌తో భద్రమైన కనెక్షన్, కుదరదు. దానికి నిన్నటి టైమ్ అయినా చాలు. అసలు టైమ్ కావాలంటే బయటి నుంచి రావాల్సిందే.

ఆర్‌టీసీ పెట్టారంటే వందల ఊళ్లలో వందల సెల్స్ చూసుకోవాలి. ఏడాది తిరక్కుండానే ఉబ్బిపోయిన సెల్స్ నేను చూశాను. సెల్ పోయిందని ఎవరూ ఫోన్ చేయరు, బిల్లు తప్పిందని చేస్తారు. మీ యూనిట్‌లో ఎలాగూ 4జీ మోడెమ్ ఉంది కదా. డేటా ఆడకపోయినా, సిమ్ టవర్‌కు రిజిస్టర్ అయి ఆపరేటర్ టైమ్ పంపుతుంటే, దాన్ని మోడెమ్ నుంచి ఏటీ కమాండ్‌తో (మోడెమ్‌కు ఇచ్చే ఆదేశంతో) చదువుకోవచ్చు. నిట్జ్ అంటారు దాన్ని. ముందు అది వాడండి. టైమ్ సింక్ అయ్యేదాకా అప్లికేషన్ మొదలవకుండా ఆపే ఏర్పాటు, లైనక్స్‌లో ప్రోగ్రాములను మొదలుపెట్టే సిస్టమ్‌డీలో ఉండనే ఉంది.

కాణిపాకం_కోడ్:

నన్నడిగితే మీరిద్దరూ గోడ గడియారం, అంటే తేదీ, టైమ్ చెప్పే గడియారం కోసమే కొట్లాడుతున్నారు. లైనక్స్‌లో బూట్ అయినప్పటి నుంచి ఎన్ని సెకన్లయిందో చెప్పే గడియారం వేరే ఉంది. ఎన్‌టీపీ టైమ్‌ను ముందుకు జరిపినా వెనక్కి జరిపినా అది ఎగిరి దూకదు. ప్రతి బూట్‌కూ కెర్నల్, అంటే లైనక్స్ గుండెకాయ, కొత్తగా ఒక గుర్తింపు నంబర్, బూట్ ఐడీ, ఇస్తుంది. ప్రతి ఎంట్రీతో పాటు ఈ రెండూ రాసుకోండి. పది గంటలకు సిగ్నల్ వచ్చినా సరే, ఆ బూట్ ఎప్పుడు మొదలైందో లెక్క తేలిపోతుంది, పొద్దుటి ఎంట్రీలన్నిటికీ సరైన టైమ్ వెనక్కి వెళ్లి వేసుకోవచ్చు. పైసా ఖర్చు లేదు.

పలమనేరు_సర్వీస్:

రేణిగుంట అన్నా, సింక్ అయ్యేదాకా ఆపడం మా దగ్గర కుదరదు. ఐదున్నరకే జనం క్యాన్లతో లైన్లో ఉంటారు. కొండ పక్క ఊళ్లలో టవరే పట్టదు, ఇక నిట్జ్ ఎక్కడిది?

కాణిపాకం గారూ, మీరు చెప్పింది సర్వర్ లెక్కకు బాగుంది. కానీ చీటీ అప్పటికప్పుడే రైతు చేతికి పోవాలి. దాని మీద తేదీ, పూట ఉంటేనే అది చీటీ. పది గంటలకు లెక్క తేలితే ఆ కాగితం మారదు కదా. ఇంకోటి: పొద్దున నెట్ రాకుండానే మళ్లీ కరెంటు పోయిందనుకోండి. ఆ మధ్యలో నడిచిన బూట్‌కు ముందేముందో వెనకేముందో తెలుస్తుంది గానీ ఏ రోజో ఎలా తేలుతుంది?

కాణిపాకం_కోడ్:

ఆ రెండో కేసు తేలదు. అది ఒప్పుకుంటాను. వరస మాత్రం చెడదు.

సర్క్యూట్_తిరుపతి:

సామీ, సెల్ ఉబ్బడం గురించి రేణిగుంట తమ్ముడు చెప్పింది నిజమే. కానీ ఆ నింద చిప్ మీద వేయొద్దు. బజార్లో దొరికే నీలం రంగు డీఎస్3231 మాడ్యూల్ తిప్పి చూడండి. 201 అని రాసి ఉన్న చిన్న రెసిస్టర్, దాని పక్కనే ఒక డయోడ్ కనిపిస్తాయి. అది సెల్‌ను చార్జ్ చేసే దారి. రీచార్జ్ అయ్యే ఎల్ఐఆర్2032 కోసం పెట్టింది. మనవాళ్లు అందులో మామూలు సీఆర్2032 వేసి 5 వోల్టులు ఇస్తారు. చార్జ్ కాకూడని సెల్‌ను పగలంతా చార్జ్ చేస్తుంటే ఉబ్బక ఏం చేస్తుంది? ఆ రెసిస్టర్‌ను సోల్డరింగ్ ఐరన్‌తో లేపేస్తే పీడ పోతుంది. ఆ చిప్ సెల్ మీద ఉన్నప్పుడు లాగేది సుమారు ఒక మైక్రోయాంపియర్, మహా అయితే మూడు. సీఆర్2032లో దాదాపు 220 మిల్లీయాంపియర్ అవర్స్ ఉంటాయి. మూడు చొప్పున లాగినా లెక్క ప్రకారం ఎనిమిదేళ్లు దాటాలి. మన రేకుల షెడ్ల వేడికి కొంత తగ్గించుకున్నా, ఏడాదికే పోయే సరుకైతే కాదు.

వేడి మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్తాను. మామూలు 32,768 హెర్ట్జ్ క్రిస్టల్ 25 డిగ్రీల దగ్గరే సరిగ్గా నడుస్తుంది. అటు పోయినా ఇటు పోయినా స్లో అవుతుంది, అదీ డిగ్రీల తేడా రెట్టింపైతే నాలుగింతలు చొప్పున. ఎండాకాలం మన పెట్టెల్లో 55 డిగ్రీలు అయిందంటే 30 పీపీఎం, అంటే పది లక్షల సెకన్లకు 30 సెకన్ల దాకా పోతుంది. అంటే రోజుకు రెండున్నర సెకన్లకు పైనే. వేడికి సర్దుకోని డీఎస్1307 లాంటి చిప్‌ల సంగతి ఇది. డీఎస్3231 లోపల క్రిస్టల్‌తో పాటు టెంపరేచర్ సెన్సర్ కూడా ఉంటుంది, అదే సర్దుకుంటుంది. 0 నుంచి 40 డిగ్రీల మధ్య 2 పీపీఎం, ఆ పైన 3.5 అని డేటాషీట్ మాట. పూట తేల్చడానికి సెకన్లు అక్కర్లేదనుకోండి, కానీ నెలల తరబడి నెట్ చూడని యూనిట్ కూడా ఉంటుంది కదా.

చిప్ పెట్టాక కూడా చాలామంది దెబ్బతినే చోటు ఒకటుంది. బీగిల్‌బోన్ బ్లాక్ లాంటి బోర్డుల్లో ప్రాసెసర్‌లోనే ఒక ఆర్‌టీసీ ఉంటుంది, కానీ కరెంటు పోతే దాన్ని నిలబెట్టే బ్యాటరీ ఉండదు. అది ఆర్‌టీసీ0 అయి కూర్చుంటుంది, మీరు తగిలించిన డీఎస్3231 ఆర్‌టీసీ1 అవుతుంది. కెర్నల్ బూట్‌లో మామూలుగా చదివేది ఆర్‌టీసీ0నే. అంత చేసీ మళ్లీ తప్పు టైమే. డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏ చిప్‌లున్నాయో కెర్నల్‌కు చెప్పే ఫైల్లో) ఎలియాస్, అంటే మారుపేరు, పెట్టి బయటి చిప్‌నే ఆర్‌టీసీ0 చేయండి. అలాగే ఎన్‌టీపీ కోసం క్రోనీ అనే ప్రోగ్రామ్ వాడుతుంటే అందులో ఆర్‌టీసీసింక్ అనే సెట్టింగ్ ఆన్ చేయండి. ఎన్‌టీపీ కుదిరాక కెర్నల్ ప్రతి 11 నిమిషాలకూ చిప్‌లోకి టైమ్ రాస్తుంది. అది లేకపోతే చిప్‌ను సరిచేసేవాళ్లెవరూ ఉండరు.

రేణిగుంట_బోర్డులు:

సర్, సెల్ విషయంలో నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నా. రెసిస్టర్ సంగతి ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. కానీ అసలు వాదన వదలను. ఆర్‌టీసీ ఉందంటే టైమ్ సరిగ్గా ఉన్నట్టేనని అప్లికేషన్ నమ్ముతుంది. నా భయమంతా అదే. సర్వీస్‌కు వచ్చినతను కరెంటు లేనప్పుడు సెల్ మార్చి వెళ్లిపోయాడనుకోండి, డీఎస్3231 మళ్లీ 2000 జనవరి 1 నుంచి మొదలుపెడుతుంది. పైన ఫేక్-హెచ్‌డబ్ల్యూక్లాక్ కూడా ఉంటే టైమ్‌ను నిన్నటికి తెచ్చి పెడుతుంది. ఇక ఎవరికీ అనుమానం రాదు.

1970 అని పడితే ఎవరైనా పట్టుకుంటారు. నిన్న రాత్రి 7:17 అని పడితే ఎవరు పట్టుకుంటారు? మీ డూప్లికేట్ గొడవంతా నిజం లాగే కనిపించిన టైమ్ వల్ల వచ్చిందే కదా. అందుకని ప్రతి ఎంట్రీ పక్కన ఆ టైమ్ ఎక్కడి నుంచి వచ్చిందో రాయండి: ఎన్‌టీపీ, ఆర్‌టీసీ, లేదా ఫైలు. డీఎస్3231 స్టేటస్ రిజిస్టర్‌లో ఆసిలేటర్, అంటే గడియారాన్ని నడిపే భాగం, మధ్యలో ఆగిందా లేదా చెప్పే బిట్ ఒకటుంది. బూట్‌లో అది చూడండి. ఆగినట్టుంటే ఆ టైమ్‌ను నమ్మకండి.

కాణిపాకం_కోడ్:

దీనికి నా ఓటు. సోర్స్ కాలమ్ ఒకటి, బూట్ ఐడీ, బూట్ నుంచి సెకన్లు. సర్వర్ వైపు కూడా మార్చాలి అన్నా. సోర్స్ "ఫైలు" అని ఉన్న ఎంట్రీని డూప్లికేట్ అని తోసేయకూడదు, పక్కన పెట్టుకుని టైమ్ తేలాక కలపాలి. డూప్లికేట్‌ను రైతు నంబర్, పూటతో కాకుండా బూట్ ఐడీ, వరస నంబర్‌తో పట్టుకోండి.

పలమనేరు_సర్వీస్:

ఆఫీసులో పెట్టే వాదన ఇప్పుడు దొరికింది. చిప్, రెసిస్టర్ తీసేయడం, సోర్స్ కాలమ్, మూడూ కలిపే అడుగుతాను. ఇంకొక్క ప్రశ్న. ఆ బిట్ చూసి టైమ్ నమ్మలేమని తేలితే చీటీ మీద ఏం ప్రింట్ చేయాలి? కేంద్రం నడిపే అక్కనే స్క్రీన్ మీద తేదీ, పూట నొక్కమందామా? అలా ఇస్తే పూట అటూ ఇటూ మారుస్తారని మావాళ్లకు ఒకటే టెన్షన్.

సర్క్యూట్_తిరుపతి:

నొక్కమనండి. పొద్దున పాలు పోస్తున్నది పొద్దుటి పూటేనని ఆమెకు చిప్ చెప్పాలా? సోర్స్ కాలమ్‌లో "చేత్తో" అని పడుతుంది, చీటీ మీద తేదీ పక్కన ఒక గుర్తు పడుతుంది. నెట్ వచ్చాక బూట్ లెక్కతో సరిపోల్చితే తేడా ఉన్నది ఎలాగూ బయటపడుతుంది. కేంద్రాన్ని అనుమానించడం కంటే రైతు పాలు బిల్లులో పడటం ముఖ్యం.

పలమనేరు_సర్వీస్:

సరే సార్. సిగ్నల్ అస్సలు పట్టని కేంద్రంలో ముందు ఒక యూనిట్ పెడతాను. కావాలనే సెల్ తీసి, రాత్రంతా మెయిన్ ఆపి, పొద్దున ఏం ప్రింట్ అవుతుందో చూసి చీటీ ఫోటో ఇక్కడే పెడతాను.