మిల్లులో చెక్కులు, నగదు ఆపి ఖాతాలోకి జీతం: ఫైల్ పంపే ముందు ఏం చూసుకోవాలె?

మిల్లు గుమస్తా, మిర్యాలగూడ:
రైస్ మిల్లుల మొత్తం 64 మంది. ఆపరేటర్లకు, డ్రైయర్ దగ్గరోళ్లకు నెలకు చెక్కు, హమాలీలకు వారం వారం నగదు. వచ్చే నెల నుంచి అందరికీ ఖాతాలనే వెయ్యాలని సేటు చెప్పిండు. పేర్లు, ఖాతా నంబర్లు ఎక్సెల్‌ల ఎక్కించినం. బ్యాంకుకు పంపే ముందు ఇంకేం చూసుకోవాలె?

జడ్చర్ల పేరోల్:
ఆ ఎక్సెల్‌ను నమ్మకండి అన్నా, పాస్‌బుక్ జిరాక్స్‌లు ముందలేసుకొని కూర్చోండి. ఎక్సెల్ 15 అంకెల వరకే నంబర్‌ను సరిగ్గా ఉంచుకుంటది. పంజాబ్ నేషనల్ బ్యాంకు ఖాతాకు 16 అంకెలుంటయ్. మామూలు గడిల టైపు చేస్తే ఆఖరి అంకె సున్నా ఐపోతది, ఏ హెచ్చరికా రాదు. సున్నాతో మొదలయ్యే నంబరైతే ముందటి సున్నా ఎగిరిపోతది. కాలమ్ మొత్తాన్ని ముందుగాల 'టెక్స్ట్' చేసి, అప్పుడు నంబర్లు కొట్టాలె. కొట్టినంక టెక్స్ట్ చేస్తే పోయిన అంకె తిరిగి రాదు, కాబట్టి ఇప్పటిదాకా ఎక్కించినవి మళ్లీ కొట్టుడే.

ఇంత ఎందుకు చెప్తున్నా అంటే, బ్యాంకు నుంచి బ్యాంకుకు డబ్బు పంపే నెఫ్ట్‌ల డబ్బు ఖాతా నంబర్ చూసే పడతది, పేరు చూసి కాదు. ఆ నంబర్‌తో ఖాతానే లేకపోతే డబ్బు తిరిగొస్తది, బాధ లేదు. అదే నంబర్ ఇంకెవరిదో ఐతే వాళ్ల ఖాతాల పడుతది, వాపస్ తెచ్చుకునుడు చానా కష్టం. నెట్ బ్యాంకింగ్‌ల నంబర్ కొడితే ఖాతాదారు పేరు చూపించాలని, 2025 ఏప్రిల్ 1 కల్లా ఆ ఏర్పాటు చెయ్యాలని ఆర్బీఐ బ్యాంకులకు చెప్పింది. ఒక్కొక్కరిని బెనిఫిషియరీగా (డబ్బు అందుకునే మనిషిగా) ఎక్కించేటప్పుడు ఆ పేరు చూడండి. మీ బ్యాంకుల కనబడకపోతే తలా ఒక్క రూపాయి వేసి, మెసేజ్ గానీ పాస్‌బుక్ ఎంట్రీ గానీ తెచ్చి చూపించమనండి. 64 రూపాయలతో తేలిపోయే పని.

బ్యాంక్ మిత్ర, దేవరకొండ:
ఐఎఫ్ఎస్సీ, అంటే బ్రాంచిని గుర్తించే కోడ్, సంగతి మరిచిపోవద్దు. అందులో 11 అక్షరాలు, ఐదోది ఎప్పుడూ సున్నా. దాన్ని ఇంగ్లిష్ 'ఓ' అనుకొని కొట్టేవాళ్లు చాలామంది. మన నల్లగొండ, పాలమూరు ఊళ్లలో ఇంకా పాత పేర్ల పాస్‌బుక్‌లే ఎక్కువగా కనిపిస్తాయి. ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరాలో 2020 ఏప్రిల్ 1నే కలిసిపోయాయి. ఏపీజీవీబీ (ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు) తెలంగాణ శాఖలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులో చేరాయి. ఈ మూడింటిలో ఏ పేరు కనిపించినా పాస్‌బుక్‌లోని కోడ్ వాడకండి, బ్రాంచిలో ఇప్పటి కోడ్ రాయించుకు రమ్మనండి.

ఇంకొకటి, ఇది మొదటి నెల బయటపడదు. పూర్తి కేవైసీ (గుర్తింపు పత్రాల తనిఖీ) లేకుండా తెరిచిన 'చిన్న ఖాతా' అయితే ఏడాదికి లక్ష రూపాయలకు మించి జమ కాదు, నిల్వ 50,000 దాటకూడదు, నెలకు 10,000 మించి తీయలేరు. జీతం 12,000 అనుకోండి, ఎనిమిది నెలలకు 96,000. తొమ్మిదో నెల ఆగిపోతుంది. ఆ మనిషి మిల్లు జీతమే వేయలేదనుకుంటాడు. ఆధార్, పాన్ (పాన్ లేకపోతే దాని బదులు ఇచ్చే డిక్లరేషన్ ఫారం) ఇచ్చి ఇప్పుడే పూర్తి కేవైసీ చేయించండి. రెండేళ్లుగా లావాదేవీ లేని ఖాతాలనూ అప్పుడే తిరిగి తెరిపించుకోవచ్చు.

ముఠా లెక్కలు, సూర్యాపేట:
హమాలీల సంగతి వేరే. మొత్తం ముఠా మేస్త్రీ ఖాతాల వేసి పంచుకోమంటే తేలికనిపిస్తది. అట్ల చెయ్యొద్దు. ఎవరి కూలి వాళ్ల ఖాతాలనే పడాలె. లేకపోతే ఎవరికెంత ముట్టిందో రుజువుండదు. నగదంతా ఒక్కముద్దగ మేస్త్రీకిచ్చినా చిక్కే, ఒక్క మనిషికి ఒక్క రోజుల 10,000 దాటి నగదు ఇస్తే ఆదాయపు పన్నుల ఆ ఖర్చును లెక్కల పట్టరు.

శనివారం సాయంత్రం బస్తాల లెక్క మూసి, తలా ఎన్ని బస్తాలో చదివి వినిపించి సంతకం తీసుకోండి. నెఫ్ట్ 2019 డిసెంబర్ 16 నుంచి ఆదివారం, రాత్రి తేడా లేకుండా అరగంటకోసారి నడుస్తది. మనకాడ ఆగేది నెఫ్ట్ కాదు, రెండో సంతకం. ఫైల్ ఎక్కించేది గుమస్తా, ఓకే చేసేది సేటు. సేటు పెళ్లికి పోతే 64 మంది కూలి ఆగుతది. ఓకే చేసే అధికారం ఇంకొకరికి కూడా ఇప్పించండి, కరెంట్ ఖాతా రోజువారీ పరిమితి కూడా పెంచమనండి.

మిల్లు గుమస్తా, మిర్యాలగూడ:
బీహార్ హమాలీలకు ఇక్కడ బ్యాంకు లేదు. డబ్బులెట్ల తీసుకుంటరు? కూలి ఖాతాల వేసేటందుకు వాళ్లు రాసిచ్చిన ఒప్పుకోలు కావాల్నా?

బ్యాంక్ మిత్ర, దేవరకొండ:
ఆధార్ ముడిపడిన ఖాతా అయితే ఏ ఊరిలోనైనా బ్యాంక్ మిత్ర (బ్యాంకు తరఫున ఊళ్లో డబ్బు ఇచ్చే ఏజెంటు) దగ్గర వేలిముద్రతో తీసుకోవచ్చు, ఒక్కసారికి 10,000 వరకు. గోనెసంచులు మోసేవాళ్ల వేలిగీతలు అరిగిపోయి చాలాసార్లు ముద్ర పడదు. అందుకే రూపే కార్డు తెప్పించి, ఏటీఎంలో పిన్ వాళ్లచేతనే పెట్టించండి. కార్డులు, పిన్‌లు మేస్త్రీ దగ్గర ఉంచడం మాత్రం ఎట్టి పరిస్థితిలో ఒప్పుకోవద్దు. అట్లా చేస్తే కష్టం వాళ్లది, ఖాతా ఇంకొకరిది అవుతుంది.

జడ్చర్ల పేరోల్:
ఒప్పుకోలు పత్రం అక్కర్లేదు, జీతాల చెల్లింపు చట్టానికి 2017ల చేసిన సవరణతోనే ఆ షరతు తీసేసిన్రు. నెల జీతం మాత్రం ఏడో తారీఖు దాటొద్దు. అందుకే ఫైల్ మూడో తారీఖునే పంపండి, తిరిగొచ్చినవి దిద్ది మళ్లీ వెయ్యనీకి సమయం దొరుకుతది. తిరిగొచ్చిన జీతాన్ని వచ్చే నెలల కలపకండి. ఫైల్ పోయినట్టు కనబడంగనే పని ఐపోయిందనుకోవద్దు, మరునాడు కరెంట్ ఖాతా స్టేట్‌మెంట్‌ల తిరిగి జమైన మొత్తాలు ఒక్కొక్కటి చూడాలె. పీఎఫ్, ఈఎస్ఐ, అడ్వాన్సు కోతలు వేర్వేరుగా రాసిన చీటీ తెలుగుల, బీహార్ వాళ్లకు హిందీల ఇవ్వండి. ఖాతాల చివరి మొత్తం ఒక్కటే కనబడితే కోత ఎంతో ఎవరికీ తెలియదు.

ముఠా లెక్కలు, సూర్యాపేట:
పంట రుణం బకాయి ఉన్న బ్రాంచి ఖాతా ఎవరన్నా రాసిచ్చిన్రేమో అడుగుండ్రి. ఆ బకాయి కోసం బ్యాంకు ఖాతా మీద హోల్డ్ పెడితే (డబ్బు తీయకుండ ఆపితే) జీతం పడ్డా చేతికి రాదు. అసొంటోళ్లతోని వేరే బ్యాంకుల ఖాతా తీయించి, ఆ నంబరే ఫైల్‌ల పెట్టుండ్రి.