జిమ్నీకి 235/75 ఆర్15 టైర్లు: క్రౌన్ పినియన్ మార్చకుండా వేయొచ్చా?

జిమ్నీ_రాజమండ్రి
అందరికీ నమస్కారం. నాది మారుతి ఫైవ్ డోర్ జిమ్నీ, మాన్యువల్. బండితో వచ్చిన 195/80 ఆర్15 టైర్లు అరిగిపోయాయి, ఈసారి 235/75 ఆర్15 ఆల్ టెరైన్ వేద్దామని ఉంది. మారేడుమిల్లి వైపు తరచూ వెళ్తుంటాం, అప్పుడప్పుడు గోదావరి ఇసుకలోకి దిగుతాం, వచ్చే ఏడాది లద్దాఖ్ కూడా అనుకుంటున్నాం. రెండంగుళాల లిఫ్ట్ (బాడీ ఎత్తు పెంచడం) ఎలాగూ చేయిస్తున్నా. టైర్ల షాపాయనేమో "ఏం కాదు సార్, ఎక్కించేయండి" అంటాడు. మా మెకానిక్ "క్రౌన్ పినియన్, అంటే ఇరుసు లోపలి గేర్ల జత, మార్చి గేర్ రేషియో సరిచేయకుండా వేస్తే క్లచ్ ఆర్నెల్లు కూడా ఉండదు" అంటాడు. ఎవరి మాట వినాలి?

డీజిల్‌బాబు
వేసేయ్ బ్రో. నా థార్ డీజిల్‌కి 255/65 ఆర్18 తీసి 285/70 ఆర్17 వేశాను, క్రౌన్ పినియన్ ఊసే ఎత్తలేదు. వంజంగి కొండెక్కింది, హైవే మీద హాయిగా పోతోంది. ఆ రేషియోల గొడవంతా అమెరికా వీడియోలు చూసి పెట్టుకునే టెన్షన్.

పాతజీపు540
తమ్ముడూ, నీ థార్‌లో 300 ఎన్ఎం టార్క్ 1600 ఆర్‌పీఎంకే వచ్చేస్తుంది. జిమ్నీలో ఉన్నదే 134, అదీ 4000 దాకా తిప్పితే గానీ రాదు. టర్బో లేదు. నీ బండిలో నడిచింది కాబట్టి ఆయన బండిలోనూ నడుస్తుందంటే ఎలా? పాత విల్లీస్ మిలిటరీ జీపులో ఇరుసు రేషియో (చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్టు తిరిగే చుట్లు) 4.88, సీజే3బీలో 5.38 పెట్టారు, ఎందుకు? చిన్న ఇంజన్, బరువు లాగాలి. కంపెనీవాడు టైరు సైజు చూసుకునే గేరు కట్టాడు, ఒకటి మార్చి రెండోది వదిలేస్తే భారమంతా క్లచ్ మీదే పడుతుంది. ఘాట్‌లో హెయిర్‌పిన్ మధ్యలో ఎదురుగా బస్సొచ్చి ఆగామనుకోండి, నలుగురు, లగేజీ, ఏసీ ఆన్. మళ్లీ కదలాలంటే హాఫ్ క్లచ్, వెనక్కి జారకూడదని ఇంకాస్త రేజ్, అప్పుడు కారు లోపలికొచ్చే ఆ కాలిన వాసన తెలిసినవాళ్లకి తెలుసు. 4ఎల్ (నాలుగు చక్రాలూ లాగే లో గేరు) ఉంది కదా అంటారేమో, తారు రోడ్డు మీద అది వేయకూడదు, ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య డిఫరెన్షియల్ (రెండూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్లు) లేని బండి ఇది.

ఘాట్‌రోడ్డు
ఇద్దరూ సగం సగం కరెక్టే, కానీ ఎవరూ లెక్క చూడలేదు కాబట్టి నేను చెప్తా, కాస్త ఓపిగ్గా చదవండి.

195/80 ఆర్15 ఎత్తు 693 మిల్లీమీటర్లు. 235/75 ఆర్15 ఎత్తు 733. అంటే దాదాపు 6 శాతం పెద్దది. మాన్యువల్ జిమ్నీ ఇరుసు రేషియో 4.09, కొత్త టైర్లతో అది 3.86 ఉన్నట్టు పనిచేస్తుంది. చూడ్డానికి నష్టమే. కానీ ఈ బండిలో ఐదో గేరు 1.00, ఓవర్‌డ్రైవ్ (1.00 కన్నా తక్కువ రేషియో గేరు) అసలు లేదు. అందుకే 100 స్పీడులో ఇంజన్ 3100 పైన తిరుగుతూ అరుస్తుంటుంది, జిమ్నీ మాన్యువల్ వాళ్లందరి కంప్లైంటూ అదే. పెద్ద టైర్లతో అది 2950 దగ్గరికి దిగుతుంది. అంటే టాప్ గేరులో మనకి కాస్త మిగులు ఉంది, దాన్నే ఖర్చు పెడుతున్నాం. ఫస్ట్ గేరు 4.425, అదీ పొట్టి గేరే. 4ఎల్ 2.002తో కలిపితే మొత్తం 36 రెట్లు వచ్చేది 34 అవుతుంది, రాళ్లమీద పాకేటప్పుడు ఆ తేడా కాలికి పెద్దగా తెలియదు.

ఇంకో మాట, ఎవరూ అనడం లేదు గానీ జిమ్నీకి ముందూ వెనకా రెండూ సాలిడ్ ఇరుసులు. లిఫ్ట్ కిట్ ఎంత వేసినా బాడీ లేస్తుంది తప్ప కింద డిఫ్ గుండు (ఇరుసు మధ్యలో డిఫరెన్షియల్ ఉండే ఉబ్బు) అంగుళం కూడా లేవదు. దాన్ని పైకి లేపేది టైరొక్కటే, ఇక్కడ 20 మిల్లీమీటర్లు. బండరాయికి ఎప్పుడూ తగిలేది ఆ గుండే కాబట్టి టైర్లు ముందు, లిఫ్ట్ తర్వాత అంటాను నేను.

ఆటోగేర్_హైదరాబాద్
నాది ఆటోమేటిక్ అన్నా, నాకూ ఇదే లెక్కా?

ఘాట్‌రోడ్డు
కాదు, నువ్వు వేయకు. ఆటోమేటిక్‌లో ఇరుసు 4.30, వినడానికి బాగానే ఉంటుంది గానీ నాలుగో గేరు 0.697. 100 దగ్గర నీ ఇంజన్ ఇప్పటికే 2300 మీద ఉంది, టార్క్ ఎక్కడో 4000లో ఉంది. ఇంకో 6 శాతం దించితే చిన్న ఫ్లైఓవర్ వచ్చినా నాలుగు నుంచి మూడుకి, మూడు నుంచి నాలుగుకి కొట్టుకుంటూనే ఉంటుంది, ఆయిల్ వేడెక్కుతుంది. ఒకే బండి, ఒకే టైరు, గేర్‌బాక్స్ మారేసరికి జవాబు మారిపోయింది. అందుకే "ఎన్ని అంగుళాల దాకా వేయొచ్చు" అనే ప్రశ్నే నాకు నచ్చదు.

పాతజీపు540
లెక్క బావుంది, ఒప్పుకుంటాను. కానీ కాగితం మీద ఎత్తే లెక్కేశారు, బరువు వేయలేదు. ఆల్ టెరైన్ టైరు, దానికి తగ్గ రిమ్ము, రెండూ కలిపి చక్రానికి చాలా కిలోలు పెరుగుతాయి, అదీ తిరిగే బరువు. కదిలించడానికీ కష్టమే, ఆపడానికీ కష్టమే. దిగుడు ఘాట్‌లో ఇంజన్ బ్రేకింగ్ కూడా ఆ 6 శాతం తగ్గుతుందని మర్చిపోవద్దు. పైగా కంపెనీ రిమ్ము వెడల్పు అయిదున్నర అంగుళాలు, 235కి కనీసం ఆరు కావాలి. అంటే రిమ్ములూ కొనాలి.

కొలరాడో_తెలుగోడు
ఇక్కడ అమెరికాలో జీప్ రాంగ్లర్ వాళ్లకి ఇది రోజూ ఉండే గొడవే. అందులో ర్యూబికాన్ మోడల్‌కి కంపెనీయే 33 అంగుళాల టైర్లూ 4.10 ఇరుసూ ఇస్తుంది. దానికే 35 కావాలంటే ఎక్స్‌ట్రీమ్ రీకాన్ ప్యాకేజీ అని ఉంది, అందులో 4.56 పెట్టి ఇస్తారు. 33 నుంచి 35 అంటే అదీ 6 శాతమే, కంపెనీవాడే అవసరమనుకున్నాడు మరి. అయితే ఇక్కడ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ కాబట్టి చాలామంది ఏమీ మార్చకుండానే తిరుగుతారు, ఎనిమిదో గేరు పడటం మానేస్తుంది, ఏడులో పోతారు, అంతే. అసలు బండారం కొండల మీద బయటపడుతుంది. టర్బో లేని ఇంజన్‌కి ఎత్తు పెరిగేకొద్దీ గాలి చాలదు. మీరు లద్దాఖ్ అన్నారు కదా, ఖర్దుంగ్ లా 5,300 మీటర్ల పైన ఉంది, అక్కడ గాలి ఒత్తిడి మన రాజమండ్రిలో ఉన్నదాంట్లో సగం. 134 ఎన్ఎం కాస్తా ఎంత మిగులుతుందో మీరే వేసుకోండి. నేనైతే ఆ ట్రిప్‌కి చిన్న టైర్లతోనే పోతా.

డీజిల్‌బాబు
మొత్తానికి డీజిల్ టర్బో కొనుక్కోమనే కదా అందరూ చెప్పేది :)

జిమ్నీ_రాజమండ్రి
కొన్నాక చెప్తే ఏం లాభం బ్రో. సరే, ఒక డౌట్. 4.09కి 6 శాతం కలిపితే 4.33. ఆటోమేటిక్ ఇరుసు 4.30 అన్నారు. ఆ క్రౌన్ పినియనే తెచ్చి నా బండికి వేయిస్తే పోదా?

పాతజీపు540
అంకె దాదాపు సరిపోయింది, మంచి బుర్రే. కానీ కొనేముందు రెండు బండ్ల పార్ట్ నంబర్లూ పక్కపక్కన పెట్టి చూడు. ముందు వెనక రెండు ఇరుసులకీ మార్చాలి, ఒకటి 4.09, ఒకటి 4.30 ఉంచి ఫోర్ వీల్ వేస్తే ట్రాన్స్‌ఫర్ కేసు (రెండు ఇరుసులకీ శక్తి పంచే గేర్ల పెట్టె) పగులుతుంది. ఇక అసలు సమస్య బిగించేవాడు. పినియన్ లోతుకి షిమ్ము (పల్చటి వాషరు) సరిగ్గా పడాలి, బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య సందు) డయల్ గేజీ పెట్టి చూడాలి, పళ్లకి రంగు పూసి తిప్పితే గుర్తు పంటి మధ్యలో పడాలి, కొసకో వేరుకో పడితే విప్పి మళ్లీ మొదలు. ఈ ఓపిక ఉన్న మేస్త్రీ దొరక్కపోతే హౌసింగ్ కూత పెడుతుంది, ఇక అది పోదు. చేయి తిరిగినవాడు దొరకని పనికి కంపెనీ ఫిట్టింగ్ విప్పడం కన్నా 6 శాతం భరించడమే నయం, ఈ మాట నా నోట వస్తుందని నేనూ అనుకోలేదు.

ఆర్‌సీ_జాగ్రత్త
మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కూడా ఒకసారి చదవండి. కంపెనీ చెప్పిన వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 సవరణ తర్వాత ఓనరుకి ఒక్కో మార్పుకి 5,000 జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ అని రాసి ఉంది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు ఇలాంటి మార్పులూ చూడొచ్చు. లిఫ్ట్, టైర్లు, రిమ్ములు, లెక్కపెట్టుకోండి.

ఘాట్‌రోడ్డు
స్పీడోమీటర్ 100 చూపిస్తుంటే నిజంగా 106 పోతుంటావు, అదీ గుర్తుంచుకో. కంపెనీ మీటర్లు మామూలుగా కాస్త ఎక్కువే చూపిస్తాయి కాబట్టి నిజంలో తేడా అంత ఉండకపోవచ్చు, జీపీఎస్ పెట్టి చూసుకుంటే తేలిపోతుంది. నన్నడిగితే 215/75 ఆర్15 తీసుకో. ఎత్తు తేడా ఒకటిన్నర శాతమే, కంపెనీ రిమ్ముకే ఎక్కుతుంది, లద్దాఖ్ పోయి రావచ్చు. మారేడుమిల్లికి గ్రిప్పు కావాలి గానీ ఎత్తు కాదు.

జిమ్నీ_రాజమండ్రి
మనసు 235 మీదే ఉంది అన్నా, అబద్ధం ఎందుకు. మెకానిక్ మాత్రం 235 వేసినా స్పేర్ పాతదే ఉంచెయ్, డబ్బు మిగులుతుంది అన్నాడు. అదైనా పర్లేదా?

పాతజీపు540
అస్సలు వద్దు. వెనక ఇరుసుకి ఒకవైపు 733, ఇంకోవైపు 693 పెడితే డిఫ్ గేర్లు క్షణం ఆగకుండా తిరుగుతూనే ఉంటాయి, పంచర్ షాపుదాకా మెల్లగా 2హెచ్‌లో (వెనక చక్రాలు మాత్రమే లాగేలా) పోవడానికి తప్ప పనికిరాదు. అడవిలో పంచరైతే ఫోర్ వీల్ వేయలేవు, మరి ఆ టైర్లు కొన్నదెందుకు? పెద్ద స్పేర్ పెడితే వెనక తలుపు కబ్జాల మీద బరువు పడుతుంది, అదీ చూసుకో. షాపులో రేటు అడిగేటప్పుడు నాలుగుకి కాదు, ఐదుకి అడుగు.