టెక్సాస్ వయసు తనిఖీ చట్టం: మూడో వంతు లెక్క ఎలా కట్టాలి?

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్ర చట్టం హెచ్‌బీ 1181 ప్రకారం సైట్‌లో మూడో వంతుకు మించి మైనర్లకు హానికరమైన లైంగిక సామగ్రి ఉంటే, చూసేవాళ్లకు 18 నిండాయో లేదో తనిఖీ చేయాల్సిందే. చేయకపోతే రోజుకు 10,000 డాలర్ల దాకా జరిమానా. 2025 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 6-3తో దీన్ని సమర్థించింది.

చిక్కంతా ఆ మూడో వంతు దగ్గరే. పేజీలు లెక్కపెట్టాలా, బొమ్మలా, వీడియో నిమిషాలా? లైంగిక ఆరోగ్య పాఠాలు, నగ్న చిత్రకళ కలిసి ఉన్న సైట్‌కి ఒక్కో పద్ధతిలో ఒక్కో జవాబు వస్తుంది. మైనర్లకు నిజమైన కళా, శాస్త్రీయ విలువ ఉన్నవి ఆ నిర్వచనంలోకి రావు, సరే. ఆ విలువ ఉందని ముందే ఎలా రాసి పెట్టుకోవాలి? భయంతో అన్నిటికీ తాళం వేస్తే, గుర్తింపు కార్డు ఇవ్వడానికి జంకి పెద్దలే వెనక్కి పోతారు. అది నాకు పెద్ద నష్టంగానే కనిపిస్తుంది.

ఇంకొకటి, తనిఖీ అయ్యాక గుర్తింపు వివరాలు నిల్వ ఉంచుకోకూడదని చట్టమే అంటోంది. సర్వర్ లాగ్‌లలో (సర్వర్ తనంతట తాను రాసుకునే రికార్డుల్లో), బ్యాకప్‌లలో అవి మిగిలిపోకుండా సైట్లు నడిపేవాళ్లు ఏం చేస్తున్నారు?